పొద్దుగూకేదాకా గుట్ట మీద

పాప నిద్రలో ఉండగానే నేను ఇల్లు దాటాలని అత్తమ్మ చెప్పింది. కళ్లు తెరిచి ఒక్కసారి నన్ను చూసిందంటే ఆ రోజు పని చెడిపోతుంది. ఇంకో రోజు మళ్లీ మొదలుపెట్టాలి, పిల్ల రెండుసార్లు ఏడవాలి. అందుకే ఆ ఉదయం చెప్పులు చేతిలో పట్టుకుని, చప్పుడు కాకుండా గొళ్లెం తీసి, నా ఇంట్లోంచి నేనే దొంగలా బయటపడ్డాను.

ఆ రోజు పాపతో పాలు మాన్పించాలి. ఏడాదిన్నర దాటింది. ముందు వేపాకు నూరి పూశాం. పాప ముఖం చిట్లించింది, నా వంక అనుమానంగా చూసింది, తన గౌను అంచుతో శుభ్రంగా తుడిచి తాగేసింది. ఇక మిగిలింది తల్లి కనబడకుండా పోవడం. మా వైపు అందరూ చేసేదే. తల్లి పుట్టింటికి పోతుంది, పిల్ల నానమ్మ దగ్గర ఉంటుంది, తల్లి తిరిగి వచ్చేసరికి పిల్ల పాలు మరిచిపోయి ఉంటుంది.

నా పుట్టిల్లు తిమ్మాజిపేట. పెద్ద దూరమేమీ కాదు. కానీ అప్పుడు మా అక్క పురిటికి వచ్చి అక్కడే ఉంది. పాలు మాన్పించే తల్లి బాలింత ఉన్న ఇంట్లో అడుగుపెట్టకూడదని అత్తమ్మ పట్టుబట్టింది.

"నీ పాలేమో ఎండాలె, మీ అక్క పాలేమో నిండాలె. ఇద్దరు ఒక్క కప్పు కింద పండుకుంటె ఎట్లైతది బిడ్డా? రేపు ఆ పసిగుడ్డుకు పాలు సాలకపోతె ఎవరినంటరు? నిన్నే అంటరు."

నేను బీఎస్సీలో జీవశాస్త్రం చదివాను. ఒకరి పాలు ఇంకొకరి పాలను ఏమీ చేయవని నాకు తెలుసు. కానీ నిజంగానే అక్కకు ఏ కారణం వల్లనో పాలు తగ్గితే? జీవితాంతం ఆ మాట నా వెంట వస్తుంది. తెలిసిన విషయం ఒక పక్క, భయం ఒక పక్క ఉంటే నేనెప్పుడూ భయం వైపే కూర్చుంటాను.

"మరి యాడికి పోవాలె అత్తమ్మా?" అని అడిగాను.

"యాడికన్న పో. ఒక్క పగలు గడిస్తె సాలు, రాత్రి నేను సూసుకుంట. పొద్దుగూకి దీపం పెట్టినంక రా. ఈ గల్లీల మాత్రం ఉండకు, నీ గొంతు ఇన్నదంటె పొల్ల ఆగది."

యాడికన్న. వినడానికి ఎంతో పెద్ద మాట. పెళ్లయిన తర్వాత నన్ను అలా ఎవరూ పొమ్మనలేదు. ఆ రాత్రి కూర్చుని ఆలోచిస్తే ఒక ఆడది పగలంతా ఒంటరిగా ఉండడానికి వనపర్తిలో ఒక్క చోటు కూడా దొరకలేదు. బస్టాండులో కూర్చుంటే తెలిసినవాళ్లు కనిపిస్తారు, ఏమైందని అడుగుతారు. సినిమా హాలుకు ఒక్కదాన్నే పోలేను. కాలేజీలో చదివిన స్నేహితురాళ్లంతా ఎక్కడెక్కడికో కాపురాలకు వెళ్లిపోయారు. మా ఆయనను అడిగితే, "అమ్మకు తెల్వదా? మమ్మల్నందరిని ఆమెనే సాకింది గద," అన్నాడు. ఆయన గద్వాల దగ్గర ఒక పత్తి విత్తనాల కంపెనీలో పని చేస్తాడు. తెల్లవారకముందే బస్సు ఎక్కుతాడు, దిగేసరికి చీకటి పడుతుంది. ఇంట్లో పగలు ఏం జరుగుతుందో ఆయనకు అన్నం తింటుంటే మేం చెప్పిన మేరకే తెలుసు.

చివరికి మిగిలింది మా కాలనీ వెనక గుట్ట. వంటింటి కిటికీలోంచి రోజూ కనిపిస్తుంది. గిన్నెలు తోముతూ మూడేళ్లుగా చూస్తున్నాను. ఒక్కసారి కూడా ఎక్కలేదు. కట్టెలకు పోయేవాళ్లు తప్ప ఆ గుట్ట ఎక్కే ఆడవాళ్లు లేరు.

నేను అత్తమ్మకు చెప్పని మాట ఒకటుంది. నాకు పాలు మాన్పించడం ఇష్టం లేదు.

పాలిచ్చేటప్పుడు మాత్రమే నేను ఆ ఇంట్లో కూర్చుంటాను. పాప ఒళ్లో ఉంటే ఎవరూ నన్ను పిలవరు, పిలిచినా నేను లేవనక్కర్లేదు. అది ఒక కారణం, చిన్నది. అసలు కారణం ఒక మధ్యాహ్నం గోడ పక్కనుంచి విన్నాను. అత్తమ్మ పక్కింటామెతో అంటోంది, "పాలు మాన్తెనే గద ఇంకోటి నిలిచేది. ఒక్క మగపిల్లగాడైతె నాకిగ రంది లేదు." పాప పుట్టినప్పుడు నాకు రక్తం ఆగలేదు. దవాఖానలో మంచం కింద బకెట్ పెట్టారు. ఆ బకెట్లో పడే చప్పుడు ఇప్పటికీ కుళాయి కట్టేసిన తర్వాత నాకు వినిపిస్తుంది. పాలిస్తున్నన్ని రోజులు మళ్లీ కడుపు రాదని అందరూ అంటారు. అది పూర్తిగా నిజం కాదని డాక్టరమ్మ చెప్పింది. అయినా నేను ఆ పాలను తాయెత్తులా పట్టుకున్నాను.

మరి వద్దని ఎందుకు చెప్పలేదు? పాప బక్కగా ఉంది. "నీ పాలల్ల ఇగ బలమేమున్నది, నీళ్లు. వాటితోని కడుపు నింపుకుంటది, బువ్వ ముడ్తలేదు," అనేది అత్తమ్మ. ఒకవేళ ఆమె చెప్పిందే నిజమైతే? నిద్రపోతున్న పాప పక్కటెముకల మీద చెయ్యి పెట్టి చూసుకునేదాన్ని. ఒక రోజు కొంచెం కండ పట్టినట్టు అనిపించేది, మర్నాడు ఇంకా తగ్గినట్టు అనిపించేది. నా భయం కోసం నేను పిల్లను ఎండబెడుతున్నానేమోనని ఇంకో భయం. ఈ రెండింటి మధ్య నాకు నోరు రాలేదు.

గుట్ట ఎక్కుతుంటే మొదట హాయిగానే ఉంది. చేతులు ఖాళీ. చంకలో బరువు లేకుండా నడిచి ఎంత కాలమైందో, నడుము ఒక పక్కకు వంచే నడుస్తున్నాను. ఆ సంగతి గమనించి నిటారుగా నిలబడబోతే కొత్తగా అనిపించింది. ఒక కూల్‌డ్రింక్ సీసాలో నీళ్లు, గుడ్డలో రెండు జొన్నరొట్టెలు, పల్లికారం తెచ్చుకున్నాను. దారంటూ లేదు. మేకలు నడిచిన జాడ పట్టుకుని, రాయి మీద చెయ్యి ఆనించుకుంటూ ఎక్కాను.

ఇంకా శివరాత్రి రాలేదు. పొద్దున పూట సన్నగా చలి ఉండాల్సిన రోజులు. కానీ ఆ రోజు సూర్యుడు గుట్ట పైకి వచ్చేసరికే ఉగాది దాటినట్టు కాసింది. సగం ఎక్కేసరికి జాకెట్టు వీపుకు అంటుకుంది. గుట్ట నిండా సీతాఫలం చెట్లే. ఆ కాలంలో వాటికి ఆకు ఉండదు, ఎండుపుల్లల్లా నిలబడి ఉంటాయి. మోదుగలు మాత్రం పూసి ఉన్నాయి, వాటికీ ఆకు లేదు. ఎర్రటి పూల కింద నిలబడినా నెత్తి మీద ఎండే. ఇంత గుట్టకు నీడంటూ ఉంటే రెండు పెద్ద రాతిగుండ్ల మధ్య సందులోనే ఉంది. అక్కడ కూర్చున్నాను.

అక్కడి నుంచి మా ఇల్లు కనిపించింది. ఎన్నడూ అలా పైనుంచి చూడలేదు. మా డాబా, పక్కింటి రేకులు, బావి, తీగ మీద ఆరేసిన పాప బట్టలు. పాప లేచే వేళ దాటింది. లేవగానే కళ్లు తెరవకుండానే చెయ్యి చాపి నా జాకెట్టు వెతుక్కుంటుంది. ఈరోజు ఆ చేతికి ఏం దొరికి ఉంటుంది? ఇలా అనుకోగానే రెండు పక్కలా పాలు జివ్వుమని దిగాయి. జాకెట్టు తడిసింది. కొంగు మడిచి అదిమి పట్టుకున్నాను.

కాసేపటికి అత్తమ్మ డాబా మీదికి వచ్చింది. ఆమె చంకలో ఒక పసుపుపచ్చ చుక్క. పాప గౌను. అత్తమ్మ చెయ్యెత్తి ఏదో చూపిస్తోంది, కాకినో, గుట్టనో. అంత దూరం నుంచి పాపకు నేను కనబడే వీలే లేదు. అయినా నేను గభాలున గుండు వెనక్కు తప్పుకున్నాను. ఊపిరి బిగబట్టి కూర్చున్నాను. ఏడుస్తోందా, నవ్వుతోందా? అక్కడికి ఏమీ వినిపించడం లేదు. మళ్లీ తొంగి చూసేసరికి డాబా ఖాళీగా ఉంది. అప్పటి నుంచి ఆ ఖాళీ డాబానే చూస్తూ కూర్చున్నాను.

పైకి పోదామా అంటే రాళ్లు మరీ నిట్టనిలువుగా ఉన్నాయి. కిందికి పోదామా అంటే కింద మా గల్లీ. చుట్టూ ఇంత ఆకాశం, ఇంత గాలి, నేను మాత్రం ఆ సందులో మోకాళ్లు ముడుచుకుని నీడతో పాటు జరుగుతూ కూర్చున్నాను. నీడ కూడా రానురాను చిన్నదైంది.

మధ్యాహ్నానికి నొప్పి మొదలైంది. రెండు రొమ్ములూ రాళ్లలా గట్టిపడ్డాయి. చంకల దాకా సలుపు. చెయ్యి పైకెత్తలేకపోయాను. రొట్టె నమలబుద్ధి కాలేదు. జ్వరం వస్తుందేమో, గడ్డ కడుతుందేమో, కోయాల్సి వస్తుందేమో అని ఒకదాని వెనక ఒకటి తోసుకొచ్చాయి. చుట్టూ ఎవరూ లేరని చూసుకుని, గుండు వైపు తిరిగి పాలు పిండాను. మొదట చుక్కలు చుక్కలుగా, తర్వాత సన్నటి ధారలుగా పడ్డాయి. ప్రాణం కొంచెం కుదుటపడింది. కళ్లు మూసుకుని పిండుతూనే ఉన్నాను.

కళ్లు తెరిచి చూస్తే ఆ పాలు ఎండిన రాయి మీద పడుతున్నాయి. పడ్డవి పడ్డట్టే ఇంకిపోయి తెల్లటి మరకలు కడుతున్నాయి.

చనుబాలు ఎండకు కాలిన రాయి మీద పిండకూడదు. పిండితే తల్లికి పాలు ఎండిపోతాయి. పాప పుట్టిన కొత్తలో నాకు మా అమ్మ చెప్పింది, అత్తమ్మ చెప్పింది, దవాఖానలో పక్క మంచం ఆమె కూడా చెప్పింది. పాలు ఎక్కువైతే చెట్టు మొదట్లో పిండాలి, లేదా పచ్చి గోడకు పిండాలి. ఇన్ని రోజులు అలాగే చేశాను. ఆ రోజు నొప్పిలో మరిచిపోయాను.

ఆ మరకలు చూడగానే ఇంకేమీ ఆలోచించలేదు. సీసా మూత తీసి ఉన్న నీళ్లన్నీ ఆ రాయి మీద గుమ్మరించాను. కొంగుతో రుద్ది రుద్ది కడిగాను. రాయి మీద తడి ఆరిపోయాక మరక ఇంకా కనిపిస్తుందేమోనని వంగి చూశాను. అప్పుడు గానీ సీసా ఖాళీ అయిందని తెలియలేదు. పొద్దు ఇంకా నడి నెత్తిన ఉంది.

నాలుక పిడచగట్టుకుపోయింది. తల గుండుకు ఆనించి కూర్చున్నాను, కళ్లు మూతలు పడ్డాయి. ఎంతసేపయిందో తెలియదు. ఎవరో భుజం పట్టి గట్టిగా కుదిపారు.

"ఓ పిల్లా! ఓ పిల్లా! ఏం తాగినవే? నోరు తెరువ్!"

కట్టెలకు వచ్చిన ఇద్దరు ఆడవాళ్లు. ఒకామె పెద్దది, ఒకామె నా ఈడుది. పెద్దామె నా దవడలు పట్టుకుని నోరు తెరిపించి వాసన చూస్తోంది. చిన్నామె ఖాళీ సీసా ఎత్తి ముక్కు దగ్గర పెట్టుకుంది.

"అక్కా, పురుగుల మందు వాసనైతె లేదే."

"ఇప్పుడు వాసన లేని మందులు గూడ ఒస్తున్నయంట. ఓ బిడ్డా, ఎంతసేపైంది తాగి? కక్కుతవా? ఏలు పెట్టాల్నా?"

"నీళ్లు... నీళ్లే పెద్దమ్మా. అవి మంచినీళ్లు," అన్నాను.

"మంచినీళ్లు తాగనీకి గుట్టెక్కినవా? ఇంత ఎండల? ఒక్కదానివి?" పెద్దామె చెయ్యి నా మణికట్టు మీదనే ఉంది, వదలడం లేదు. "అత్తతోని కొట్లాటా? మొగడు కొట్టిండా? ఏందుంటె అది జెప్పు. సచ్చి ఏం సాధిస్తవు?"

ఒక ఆడది పనీపాటా లేకుండా గుట్ట మీద ఒంటరిగా కనిపిస్తే ఇంకేమనుకుంటారు? నేనైనా అదే అనుకునేదాన్ని. పక్కన ఖాళీ సీసా, తడిసిన కొంగు, ఊడిపోయిన జడ. చనిపోవడానికి కాదు, పాలు మాన్పించడానికి వచ్చానని చెప్పాను. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. చిన్నామె కళ్లు నా జాకెట్టు మీద పడ్డాయి. నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"అయ్యో అక్కా! నిజమేనే. పాలు మాన్పియ్యనీకి గుట్టెక్కిందంట!"

ఇద్దరూ తోడికోడళ్లు. గుట్టకు అవతలి పక్క ఊరు వాళ్లది. భయం దిగిపోయేసరికి ఇద్దరికీ నవ్వు ఆగలేదు.

"నేనైతె మా పెద్దోనికి మిరపకాయ రాసిన," అంది పెద్దామె. "వాడు దాన్ని గూడ నాకి నాకి తాగిండు. ఇప్పటికి వానికి కారం లేంది ముద్ద దిగది."

"నువ్వు రాసింది సరిపోలేదక్కా. నీ నోట్ల కారం జర రాస్తె మానేటోడు."

"నీకైతె ఆ కారం రోజు పెడ్తున్న గదనే, నువ్వేం మాన్తివి?"

నేనూ నవ్వాను. నవ్వితే రొమ్ములు సలిపాయి. పెద్దామె తన సత్తు చెంబులోంచి నీళ్లు పోసింది. అవి వెచ్చగా ఉన్నాయి, సత్తు వాసన వేస్తున్నాయి. ఆ నీళ్ల రుచి నాకు బాగా గుర్తుంది.

నీళ్లు ఎందుకు అయిపోయాయని చిన్నామె అడిగింది. రాయి మీద పాలు పడ్డాయని, కడిగానని చెప్పాను. ఆమె నవ్వు ఆపేసి నా వంక వింతగా చూసింది.

"అదేంది? ఎండాల్ననే గద ఈడికి ఒచ్చింది? ఎండితె మంచిదే గద? మరెందుకు కడిగినవ్?"

పొద్దుటి నుంచి ఆ గుండ్ల మధ్య కూర్చుని నన్ను నేను అడగాల్సిన మాట అదే. నా చేతులు మాత్రం నన్ను అడగకుండానే సీసా ఎత్తాయి.

"నీకు మాన్పియ్య బుద్ధి లేదు," అంది చిన్నామె.

"నువ్వు నోర్మూయ్యే. ఎవరింటి ముచ్చట వాళ్లది," అంది పెద్దామె. "లే బిడ్డా. ఇంటికాడ దిగబెడ్తం నడువ్."

ఇప్పుడు ఇంటికి పోతే పాప చూస్తుంది, అంతా మళ్లీ మొదటికి వస్తుందని బతిమాలాను. పెద్దామె ఒప్పుకోలేదు. నా మాట నమ్మలేదని కాదు. సగం నమ్మింది. "నిన్ను ఒక్కదాన్ని ఇడిసిపెట్టి పోయి, రేపు ఏమన్న అయితె మా పానానికి ఒస్తది. చూసినోళ్లు ఊకుంటరా? ఆ తోడికోడండ్లు చూసి గూడ పట్టించుకోలేదంటరు." ఆమె భయం ఆమెది. అటు ఇంటికి పోలేను, ఇటు గుట్ట మీద ఉండనివ్వరు. చివరికి వాళ్ల చేను దగ్గరికి పోవడానికి ఒప్పందం కుదిరింది. వాళ్లు పల్లీ పీకి కుప్పేశారు, సాయంత్రం దాకా కాయ తెంపే పని ఉంది. నేను వాళ్ల కళ్ల ముందు కూర్చోవాలి. పొద్దు వాలాక పోవచ్చు.

అలా కట్టెమోపుల మధ్య నడుస్తూ గుట్టకు అవతలి వైపు దిగాను. ముందు పెద్దామె, వెనక చిన్నామె, మధ్యలో నేను. ఇటు దిగితే మా ఇల్లు కనబడదు. ఒకసారి వెనక్కి తిరిగి చూద్దామనుకుంటే చిన్నామె కట్టెమోపు అడ్డం వచ్చింది.

వేపచెట్టు కింద కూర్చుని పల్లికాయ తెంపాను. వేళ్ల సందుల్లో ఎర్రమట్టి చేరింది. వాళ్లు ఏవో ఊసులు చెప్పుకుంటున్నారు. పెబ్బేరు అంగట్లో కొన్న ఎద్దు ఒకటి కాడి మెడ మీద పెట్టగానే పండుకుంటుందట. మధ్యమధ్యలో పెద్దామె తల తిప్పి నన్ను చూసేది. చెట్టు చాటుకు పోతానంటే చిన్నామె వెంట వచ్చింది. అక్కడ చెట్టు మొదట్లో పాలు పిండుతుంటే అటు తిరిగి నిలబడి, "ఆడపిల్లనా, మొగపిల్లగాడా?" అని అడిగింది. ఆడపిల్ల అన్నాను. "మరి ఇంకోటి వద్దా?" అంది మామూలుగా, రొట్టె కావాల్నా అన్నట్టు. నేను జాకెట్టు హుక్కులు పెట్టుకున్నాను.

పొద్దు గుట్ట మీద కూర్చోగానే నన్ను వదిలారు. "అత్త ఏమన్న అంటె పట్టించుకోకు. గుట్టలెంబడి పోకు," అని పెద్దామె కొంగులో ఇన్ని పల్లికాయలు పోసింది.

గుట్ట చుట్టూ బండ్ల బాట మీద నడిచాను. ఎండ తగ్గినా నేల నుంచి సెగ వస్తూనే ఉంది. చిన్నామె అడిగిన మాట లోపల తిరుగుతోంది. ఎందుకు కడిగినవ్? నడుస్తూ నడుస్తూ జవాబు తయారుచేసుకున్నాను. చిన్నామెకు కాదు, అత్తమ్మకు. "అత్తమ్మా, ఇంకొన్ని నెలలు ఇస్త. బువ్వ గూడ నేనే తినిపిస్త. ఇప్పుడే మాన్పియ్య." ఇంతే. పెద్ద మాటలేమీ కావు. మొదట మనసులో అనుకున్నాను, తర్వాత పైకి అన్నాను. ఎదురుగా ఎడ్లబండి వస్తే ఆపేసి, అది దాటిపోగానే మళ్లీ అన్నాను. మా గల్లీ మలుపు దగ్గరికి వచ్చేసరికి ఆ మాటలు నోటికి పట్టేశాయి. పెళ్లయిన తర్వాత ఆ ఇంట్లోకి ఒక మాట సిద్ధం చేసుకుని పోవడం అదే మొదలు. జాకెట్టు మళ్లీ తడిసింది. ఈసారి కొంగు అడ్డం పెట్టుకోలేదు. పాప ఎలాగూ తాగుతుంది కదా అనుకున్నాను.

దీపం పెట్టేశారు. అత్తమ్మ గడప లోపల పీట మీద కూర్చుని ఉంది. పాప ఆమె ఒళ్లో ఉంది. ముందు గిన్నె అడుగున కొంచెం పప్పన్నం. పాప మూతి నిండా మెతుకులు.

"ఒచ్చినవా? అగో, చూడు, గిన్నెడు బువ్వ ఒడగొట్టింది," అంది అత్తమ్మ. ముఖం వెలిగిపోతోంది. "పొద్దుగాల ఏడ్సింది, నిజం జెప్పాలె. మంచం కింద దేవులాడింది, బాత్రూం తలుపు కొట్టింది. నాకు గూడ కండ్లల్ల నీళ్లొచ్చినయ్. ఆనంక పండుకున్నది. లేసినంక ఇగ అడగలె. బువ్వ అన్నది. నోటితోని బువ్వ అన్నది!"

పాప నన్ను చూసింది. రోజూ బావి దగ్గరికి పోయి వచ్చినా రెండు చేతులు చాపి ఎగిరే పిల్ల. ఆ రోజు కదల్లేదు. చూసింది, అంతే. ఏడుస్తుందనుకున్నాను, మీద పడుతుందనుకున్నాను, ఒక్క రోజులో మరిచిపోయి నవ్వుతుందేమో అని కూడా అనుకున్నాను. కోపం వస్తుందని మాత్రం అనుకోలేదు. ఏడాదిన్నర పిల్లకు అంత కోపం ఉంటుందని నాకు తెలియదు.

నేను తెచ్చుకున్న మాట చెప్పే అవసరమే రాలేదు. గడపలోనే కూలబడ్డాను. పల్లికాయలు నేల మీద పడ్డాయి. అత్తమ్మ ముందే, ఏమీ అడగకుండా, హుక్కులు తీశాను.

"ఏం జేస్తున్నవ్ పిల్లా! ఇంత కష్టపడి..." అంది అత్తమ్మ. ఆమె పాపను పక్కకు తిప్పలేదు. ఆమె కూడా చూస్తోంది.

"రా తల్లీ," అన్నాను. పాలు వాటంతటవే కారుతున్నాయి. పాప వాటిని చూసింది. నా ముఖం చూసింది. ఒక చెయ్యి చాపి, మెతుకులంటిన చేత్తో, నన్ను నెట్టింది. గట్టిగా కాదు. తర్వాత వెనక్కి తిరిగి నానమ్మ భుజంలో ముఖం దాచుకుంది.

అత్తమ్మ పాపను భుజాన వేసుకుని లోపల పడుకోబెట్టింది, తిరిగి వచ్చేసరికి చేతిలో ఒక తడి గుడ్డ మూట ఉంది. విప్పితే మల్లెపూలు. ఆ ఏడు ఎండలు ముందే ముదరడంతో మల్లెలు కూడా కాలం రాకముందే అంగడికి వచ్చాయి. పొద్దున్నే మనిషిని పంపి తెప్పించిందట. దండగా కట్టని విడి పూలు. మల్లెపూలు రొమ్ములకు కడితే పాలు తొందరగా ఇంకిపోతాయి. నన్ను వెనక గదిలోకి తీసుకుపోయి పూలు పరిచి, పాత నూలు చీర పేలికతో చుట్టూ బిగించి కట్టింది. ఆమె చేతులు మెత్తగానే ఉన్నాయి. "సలుపుతున్నదా? రెండు పొద్దులు అంతే. నాకు నలుగురప్పుడు గిట్లనే," అంటూ వీపు మీద ముడి వేసింది. పేలిక బిగువుకు నిండా ఊపిరి తీసుకోలేకపోయాను. పాప పక్కబట్టలు అప్పటికే ఆమె గదిలోకి మారాయి.

మా ఆయన వచ్చేసరికి నేను వాకిట్లో పల్లికాయలు ఏరుతున్నాను. చెప్పులు విప్పుతూ ఆగాడు. గాలి పీల్చాడు. బస్సు ప్రయాణంతో అలిసిన ముఖంలో నవ్వు వచ్చింది. లోపలికి తొంగి చూశాడు. అత్తమ్మ గదిలో పాప నిద్రపోతోంది, తలుపు దగ్గరగా వేసి ఉంది.

"మాన్పినట్టేనా? నే జెప్పలే, అమ్మకు తెల్సని?" అన్నాడు మెల్లగా. నా వెనక్కి వచ్చి నిలబడ్డాడు. "ఏంది, ఇయ్యాల మల్లెపూలు గూడ పెట్టుకున్నవ్?"

జడ చేతిలోకి తీసుకుని చూశాడు. జడలో పూలు లేవు, రెండు మోదుగ ఎండుపుల్లలు చిక్కుకుని ఉన్నాయి.

"మరి వాసన యాడికెల్లి ఒస్తున్నది?" అన్నాడు, ఇంకా నవ్వుతూనే.

నేను పాప తిన్న గిన్నె తీసుకుని, కడగడానికి పెరట్లోకి వెళ్లాను.